కృపారాణి వదిన గిటారుకి స్టీలు తీగలు

మా వదిన కృపారాణి పొయ్యి మీది గిన్నెని గుడ్డ లేకుండా దించేసేది. నేను మసిగుడ్డ కోసం వెతుక్కుంటూ ఉంటే "తప్పుకోయే" అని నన్ను మోచేత్తో పక్కకి నెట్టి, కుతకుతమంటున్న అన్నం గిన్నెని రెండు చేతులా పట్టుకుని తాపీగా కింద పెట్టేది. చూసినవాళ్ళు అమ్మో అనుకునేవారు. ఆమె నవ్వి వేళ్ళు చాపి చూపించేది. నెల్లిమర్ల జూట్ మిల్లులో ఇరవై ఎనిమిదేళ్ళు గోనెసంచులు కుట్టిన వేళ్ళవి. జానెడు సూది, జనపనార పురి, రోజంతా అదే పని. కొత్తలో సూది దిగి రక్తం వస్తుంది. ఆర్నెల్లకి కాయలు కాస్తాయి. ఏడాది తిరిగేసరికి సూది గుచ్చుకున్నా తెలియదు. మా వీధిలో అది గొప్ప. నొప్పి తెలియని వేళ్ళున్న మనిషంటే పని నేర్చిన మనిషని అర్థం.

"మిల్లు వేళ్ళు" అని మా ఇంట్లో వాటికి పేరు. ఆ పేరే మమ్మల్ని మోసం చేసింది.

ఆమె మా ఆయన బెన్హర్‌కి అక్క. నేను కొత్తవలస నుంచి ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి నాకు పదిహేడేళ్ళు, చదువు ఏడో తరగతితో ఆగింది. ఆమెకి పాతికేళ్ళు, పెళ్ళి కాలేదు. అంతకు ముందు పాతపట్నం సంబంధం ఒకటి ప్రధానం దాకా వచ్చి తప్పిపోయిందట. ఎందుకని నేను ఎప్పుడూ అడగలేదు, ఆమె ఎప్పుడూ చెప్పలేదు. పెళ్ళికాని ఆడపడుచున్న ఇంటికి పంపుతున్నావు, పిల్ల ఏడ్చిపోతుందని మా అమ్మతో చుట్టాలు అన్నారు. నేను నిజంగానే ఏడ్చాను గానీ ఆడపడుచు వల్ల కాదు. మా అత్తగారి నోరు చాలా పెద్దది. కూరలో ఉప్పు దగ్గర నుంచి మా పుట్టింటివాళ్ళు పెట్టిన చీరల దాకా అన్నిటికీ మాట అనేది. నేను పెరట్లో రోలు దగ్గర కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తూ ఉంటే, మా వదిన మిల్లు నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, గిటారు పట్టుకుని నా పక్కన చేరేది. ఓదార్చేది కాదు. ఏమైందని అడిగేది కూడా కాదు. నా ఏడుపు ఆగేదాకా వాయించి, "లెగు, పొయ్యి ఆరిపోతన్నాది" అనేది.

ఆ గిటారు ఆమెకి బోర్డింగులో దొరికింది. చిన్నప్పుడు ఆమెని మిషను బోర్డింగులో వేశారు. అక్కడ పాటలు నేర్పే కెనడా దొరసాని ఒకావిడ ఈమె చెవి మంచిదని గమనించి గిటారు నేర్పింది. ఆవిడ తన దేశం వెళ్ళిపోతూ దాన్ని ఈమెకే ఇచ్చేసింది. ఏడాది తిరగకుండా మా మావగారు పోయారు. ఈమె పదో తరగతి మధ్యలో మానేసి మిల్లులో చేరింది. పుస్తకాలు బోర్డింగులోనే ఉండిపోయాయి, గిటారు మాత్రం ఇంటికి వచ్చింది.

అది నైలాను తీగల గిటారు. సన్నవి మూడు తీగలూ చేపల గేలానికి కట్టే తీగలాగా తెల్లగా ఉంటాయి. లావువి మూడింటికీ లోపల మెత్తటి పోగులు, పైన వెండి రంగు తీగ చుట్టి ఉంటుంది. అడుగున గిటారు పొట్ట మీద అతికించిన చిన్న చెక్క ఒకటుంది. తీగల్ని దానికి మెలికేసి ముడి వేయాలి. ఆ ముడి వేయడం నాకు నేర్పింది. వాయించడం కూడా నేర్పబోయింది గానీ నాకు రాలేదు. తీగలు మార్చేటప్పుడు మాత్రం నన్ను పిలిచి, "నీ ముడి జారదే, నువ్వే ఎయ్యి" అనేది. ముప్పై ఏళ్ళలో ఎన్నిసార్లు వేశానో. కళ్ళు మూసుకుని వేయగలను.

నైలాను తీగ గట్టిగా మోగదు. దగ్గరగా కూర్చుంటే వినబడుతుంది. మా రూబీ చంటిపిల్లగా ఉన్నప్పుడు ఉయ్యాల పక్కన ఆమె వాయిస్తే, పిల్ల నిద్రపోయింది కూడా తెలిసేది కాదు. పక్కగదిలో మనవాళ్ళెవరో మనకి వినబడకూడదని మెల్లగా మాట్లాడుకుంటున్నట్టు ఉండేది ఆ చప్పుడు.

మా బాప్టిస్టు చర్చిలో వేదికకి ఎడమపక్కన ఒక చెక్క కుర్చీ ఉంది. ముప్పై ఎనిమిదేళ్ళు ఆదివారం ఆదివారం ఆ కుర్చీలో కూర్చుని ఆమె గిటారు వాయించింది. మొదట్లో పక్కన తబలా, హార్మోనీ ఉండేవి. వాటి మధ్య గిటారు కూడా వినబడేది. ఆ రోజుల్లో చర్చి కూడా చిన్నది. తరవాత వెనక గోడ పగలగొట్టి పెంచారు. కరోనా వెళ్ళిపోయి గుడి మళ్ళీ తెరిచినప్పుడు ఎవరో కీబోర్డూ రెండు పెద్ద స్పీకర్లూ కానుకగా ఇచ్చారు. పాస్టరుగారు సత్యానందం అయ్యగారి అబ్బాయి సంజయ్ ఇంజనీరింగు చదివి ఇంటి దగ్గరే ఉంటున్నాడు, కీబోర్డు బాగా వాయిస్తాడు. పిల్లవాడు మంచివాడు, మా వదినంటే ప్రాణం. కానీ అతను వేళ్ళు పెట్టగానే ఈమె గిటారు మునిగిపోయేది. ఆమె వేళ్ళు కదలడం కనబడేది, అంతే. గిటారు ముందు మైకు పెట్టి చూశారు. అది కూత పెట్టింది. జనం చెవులు మూసుకున్నారు.

స్త్రీల సమాజంలో కుసుమకుమారి అని ఒకావిడ ఉంది. నోట్లో మాట ఆగదు, మనసులో ఏమీ ఉండదు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక వెనక బల్ల దగ్గర చెప్పులు వేసుకుంటూ, "కృపారాణి గిటారు ఫొటోకి బాగుంటాది" అంది. నలుగురూ నవ్వారు. నేను స్తంభం ఇవతల ఉన్నానని వాళ్ళకి తెలియదు. మా వదిన ముందర గిటారుకి సంచి తొడుగుతూ ఉంది, ఆమె వినలేదు. నాకు మాత్రం ఒళ్ళంతా మండిపోయింది.

ఆ వారంలోనే అయ్యగారు మా ఇంటికి వచ్చారు. టీ తాగి, పిల్లల చదువులు అడిగి, చాలాసేపటికి అసలు మాట మెల్లగా చెప్పారు. ఈస్టరు నుంచి కొత్త స్పీకరు ఒకటి ఎడమపక్కన పెట్టాలనుకుంటున్నారు. అక్కడ కుర్చీకి చోటు చాలదు. కృపారాణమ్మ ఇంక స్త్రీల క్వయరులో కూర్చుని పాడవచ్చు కదా అన్నారు. శుభ శుక్రవారం మాత్రం ఎప్పటిలాగే ఆమే వాయించాలన్నారు. మా వదిన "అలాగేనండీ అయ్యగారూ" అంది. ఆయన గ్లాసు తీసుకెళ్ళి కడిగి బోర్లించింది. నేను ఆమె మొహం చూశాను. నాకు ఏమీ కనబడలేదు. దాచుకుందనుకున్నాను. నాకైతే ఆమెని ఆ కుర్చీలోంచి లేపడమంటే ఇంట్లోంచి పంపేసినట్టే అనిపించింది. నా కాపురం నిలబెట్టింది ఆమె. మిల్లులో ఆమె అన్నేళ్ళు చేసిన పని ఏ కాగితాల మీదా లేదు, ఇంట్లో ఆమెకంటూ ఒక గది లేదు. ఆ కుర్చీ ఒక్కటే ఆమెది.

గిటారు గట్టిగా మోగితే కుర్చీ ఉంటుంది. నా బుర్రకి అంతే తోచింది.

విజయనగరంలో గంటస్తంభం దాటాక ఒక సందులో వాయిద్యాలు బాగుచేసే నరసింగరావుగారి కొట్టు ఉంది. ఎప్పుడూ మా ఆయనే వెళ్ళి తీగలు తెచ్చేవాడు. పుట్టింటికి తప్ప నేను ఒక్కదాన్నీ నెల్లిమర్ల దాటి బస్సెక్కింది లేదు. ఆ రోజు ఊళ్ళోనే ఉంటున్న మా అమ్మాయి రూబీ దగ్గరికి వెళ్తున్నానని చెప్పి బయల్దేరాను. కొట్లో ఆయన ఒక వీణకి బిరడాలు బిగిస్తున్నాడు. గిటారుకి గట్టిగా మోగే తీగలు కావాలన్నాను. నేను తెలియనిదాన్నని గ్రహించి, గోడకి వేలాడుతున్న రెండు గిటార్లు దించి మీటి చూపించాడు. మొదటిది మా వదిన గిటారు గొంతే. రెండోదానికి స్టీలు తీగలు. అది మీటగానే నేను ఉలిక్కిపడ్డాను. వీధి చివర నుంచి ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు ఉంది. సందులో వెళ్తున్న మనిషి కూడా తల తిప్పి చూశాడు. ఇదే కావాలన్నాను.

ఆయన తీగలు తీయబోతూ ఆగాడు.

"అమ్మా, మీ గిటారుకి అడుగున తీగలు ముడేసుంటాయా, సివర్న ఇత్తడి పూసలుంటాయా?"

ఎందుకని అడిగాను. నైలాను తీగ మెల్లగా లాగుతుందట, స్టీలు తీగ దానికి ఇంచుమించు రెండింతలు లాగుతుందట. ముడి వేసే గిటారు లోపల బద్దలు సన్నగా ఉంటాయి, మెత్తటి తీగకి తగ్గట్టు కడతారు, దానికి స్టీలు వేస్తే పొట్ట ఉబ్బుతుంది, మెడ వంగుతుంది, ఏదో ఒకనాడు అడుగు చెక్క ఊడి వస్తుంది అని ఓపిగ్గా చెప్పాడు. "ముడేసుంటే మాత్రం ఇయ్యి ఎయ్యకమ్మా" అన్నాడు.

"పూసలేనండీ" అన్నాను.

నా చేత్తో నేను ముప్పై ఏళ్ళు వేసిన ముళ్ళు. అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో నాకే ఆశ్చర్యం వేసింది. చెక్క కదా, ఏమవుతుందిలే, ఒక శుక్రవారం గడిస్తే చాలు అనుకున్నాను. తీగలు కొంగున కట్టుకుని వచ్చేశాను.

ఇంటికి వచ్చి పొట్లం ఆమె ఒళ్ళో పెట్టాను. ఆమె విప్పి చూసి, ఒక తీగని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని చాలాసేపు సాగదీసి చూసింది. "స్టీలియ్యి గదే" అంది. నేను ఊపిరి తీసుకోకుండా మాట్లాడేశాను. విజయనగరం వెళ్ళాననీ, కొట్టు నేనే కనుక్కున్నాననీ, ఇవి వేస్తే వెనక బల్ల దాకా వినబడుతుందనీ, అయ్యగారు కుర్చీ తియ్యరనీ. ఆమె నన్ను అలాగే చూసి నవ్వింది. "ఒక్కదానివీ ఎల్లేవేటి?" అంది. ఆ సాయంత్రమే పాత తీగలు విప్పేసి, కొత్తవి అడుగు చెక్క చిల్లుల్లోంచి దూర్చి, చివరి పూసలు అక్కడ ఎలాగో ఇరికించి బిగించింది. ఈసారి నా ముడి అవసరం పడలేదు.

శుభ శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఆరాధన. గుడి నిండా జనం, ఫాన్లు తిరుగుతున్నా చెమటలు. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల్లో రెండోదాని మీద ప్రసంగం అయ్యాక కీర్తన ఎత్తుకున్నారు. మా వదిన తీగ మీటింది. నేను కావాలనే వెనక బల్ల మీద కూర్చున్నాను. అక్కడికి వినబడింది. కీబోర్డు మీంచి, జనం గొంతుల మీంచి, చల్లటి నీళ్ళు మొహం మీద కొట్టినట్టు వినబడింది. కుసుమకుమారి పాడడం ఆపేసి మెడ చాపి ముందుకి చూసింది. రెండో చరణంలో సంజయ్ కీబోర్డు చప్పుడు తనే తగ్గించుకున్నాడు. ఆరాధన అయ్యాక అతను మా వదిన చేయి పట్టుకుని, "అత్తా, నీకు నేను తోడు వాయిస్తాను, నాకు నువ్వు కాదు" అన్నాడు. అయ్యగారు స్పీకరు కుడిపక్కకి పెట్టించారు. కుర్చీ ఉండిపోయింది. ఆ రోజు నేను నడిచిన నడక నా పెళ్ళినాడు కూడా నడవలేదు.

స్టీలు తీగల మీద నేర్చుకునే పిల్లలు మొదటి నెలలో ఏడుస్తారట, వేళ్ళ చివర్లు కోసుకుపోతాయట. సంజయ్ అడిగాడు, నొప్పి లేదా అత్తా అని. ఆమె వేళ్ళు చాపింది. "మిల్లు ఏళ్ళురా ఇయ్యి." అందరం నవ్వాం. నేను అందరికంటే ఎక్కువ నవ్వాను.

మిల్లు మానేసి అప్పటికి తొమ్మిదేళ్ళు. కాయలు ఎప్పుడో కరిగిపోయాయి. ఆమె అరచేయి నా చేయికంటే మెత్తగా ఉండేది. కాయలు పోయాక కూడా నొప్పి ఎందుకు తెలియడం లేదని మాలో ఒక్కరికీ అనుమానం రాలేదు. మిల్లు మానేసిన ఏడాదే ఆమెకి షుగరు బయటపడింది. మాత్రలు వేసుకునేది, బెల్లం టీ మానేశానని చెప్పి పెరట్లో తాగేది. కాళ్ళు మొద్దుబారుతున్నాయని అంటే డాక్టరుగారు రోజూ పాదాలు చూసుకోమన్నారు. రోజూ పీట మీద కూర్చోబెట్టి నేనే చూసేదాన్ని, వేళ్ళ సందులు కూడా. చేతులు చూడమని ఎవరూ అనలేదు. మేమూ చూడలేదు.

ఆషాఢం వానలు మొదలయ్యేసరికి గిటారు మారడం మొదలైంది. తీగలకీ కింద కర్రకీ మధ్య ఇదివరకు రూపాయి బిళ్ళ దూరేంత సందు ఉండేది. ఇప్పుడు పెన్సిలు దూరుతోంది. పొట్ట మీద చెయ్యి పెడితే ఉబ్బు తెలుస్తోంది. నరసింగరావుగారు చెప్పింది చెప్పినట్టు జరుగుతోందని నాకు తెలుసు. నోరు విప్పలేదు. చెబితే అబద్ధం బయటపడుతుంది, తీగలు తీసేస్తే కుర్చీ పోతుంది. సందు పెరిగిన కొద్దీ ఆమె గట్టిగా నొక్కాలి. నొక్కింది. ఆదివారాలు కాక బుధవారం ప్రార్థన, శనివారం క్వయరు ప్రాక్టీసు, ఎక్కడికి పిలిస్తే అక్కడికి. ఇప్పుడు అందరూ పిలుస్తున్నారు మరి.

వానాకాలపు గాలికి స్టీలు తీగలు తుప్పు పట్టాయి. నైలానుకి ఆ బాధ లేదు, ముప్పై ఏళ్ళలో మాకు తుప్పు సంగతే తెలియదు. ఒక సోమవారం గిటారు తుడుస్తుంటే మధ్య తీగల మీద ఎర్రగా గోధుమరంగులో అట్టకట్టి ఉంది. కొబ్బరినూనె రాసి పాత గుడ్డతో గట్టిగా రుద్దాను. వచ్చే సోమవారం మళ్ళీ ఉంది. మళ్ళీ రుద్దాను. అలా నాలుగు వారాలు తుడిచాను. తుప్పని అనుకుని తుడిచింది ఆమె రక్తం. ఎడమచేతి చూపుడువేలూ మధ్యవేలూ చివర్లు కోసుకుపోయి, మానకుండానే మళ్ళీ మళ్ళీ కోసుకుపోయి, తుప్పు లోపలికి దిగింది. ఆమెకి తెలియలేదు. వంటింట్లో పసుపు ముట్టుకునే చెయ్యి కాబట్టి ఆ రంగు మా కంటికీ ఆనలేదు.

వాసన వచ్చాక తెలిసింది. అప్పటికి వేలు గోరు దాకా నల్లబడింది.

విజయనగరం పెద్దాసుపత్రిలో డాక్టరుగారు ఆమెని కళ్ళు మూసుకోమన్నారు. సూది తీసుకుని వేలి మీద గుచ్చారు. మధ్యవేలి మీద గుచ్చారు. ఉంగరం వేలు, అరచెయ్యి. నేను పక్కనే నిలబడి చూస్తున్నాను. ఎర్రటి చుక్క పైకి వచ్చింది. మా వదిన కళ్ళు మూసుకునే ఉంది, బడిలో పిల్లలాగా బుద్ధిగా. కాసేపాగి అడిగింది.

"ఎప్పుడు గుచ్చుతారండీ?"

డాక్టరుగారు నా వైపు చూశారు. ఇలా ఎన్నాళ్ళ నుంచి అని అడిగారు.  గుడ్డ లేకుండా గిన్నెలు దించుతోందని మురిసిపోయినన్నాళ్ళ నుంచి అని ఎలా చెప్పను.

రెండు వేళ్ళూ తీసేశారు. విషం మణికట్టు దాటిందని విశాఖపట్నం పంపారు. అక్కడ మూడు వారాలు. కిడ్నీలు కూడా దెబ్బతిన్నాయన్నారు. మేము అక్కడ ఉండగానే ఇంట్లో గిటారు విరిగింది. మా ఆయన బట్టల కోసం వచ్చి వసారాలో కూర్చుని ఉంటే, గదిలోంచి తలుపు పడినట్టు పెద్ద చప్పుడు వచ్చిందట. వెళ్ళి చూస్తే అడుగు చెక్క పొట్ట మీంచి ఊడి, తీగలతో సహా మెడకి వేలాడుతోందట. ఎవరూ ముట్టుకోకుండానే.

ఇంటికి తీసుకుపొమ్మన్నారు. తెచ్చాం. కార్తీకంలో ఒక మధ్యాహ్నం, మా ఆయన మందులకి వెళ్ళాడు. ఆమెకి జావ పట్టి మూతి తుడిచాను. గోడకి ఆనించిన గిటారు వైపు ఆమె చూస్తోంది. నేను ఇంక ఉండలేకపోయాను.

"వదినా, షాపాయన ఎయ్యొద్దన్నాడు. ముడేసిన గిటారైతే ఎయ్యొద్దని మరీ మరీ సెప్పేడు. పూసలే అని అబద్ధమాడి తెచ్చేను."

ఆమె గిటారు మీంచి చూపు నా వైపు తిప్పింది. పెరట్లో ఎవరిదో కోడి కూస్తోంది. 

"నాకు తెలవదేటే? దొరసాని మొదటి రోజే సెప్పింది. దీనికి స్టీలు ఎయ్యకు పాపా, సచ్చిపోతాది అని."

"మరి ఎందుకేసేవు?"

"నువ్వు తెచ్చేవు గదా."

నా చేతిలో జావ గిన్నె ఇంకా ఉంది. ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"వద్దని సెప్పొచ్చు గదా వదినా. ఒక్క మాట."

"కొత్తవలస బస్సు తప్ప ఎక్కనిదానివి. ఎండలో ఎల్లి, దారి కనుక్కుని, సెమటలు కక్కుతూ వచ్చి ఒళ్ళో పెట్టేవు. ఆ మొకం సూసి ఎలాగ వద్దనమంటావే?"

కొంచెం ఆయాసపడింది. నేను వీపు నిమిరాను. మళ్ళీ తనే అంది.

"నాకు ఇనబడేది అన్నమ్మా. ముందు కూడా. నాకు ఇనబడితే నాకు సాలు. ఎనకాలోళ్ళకి ఇనబడాలని నీకుండేది."

కోపంగా అనలేదు. నన్ను నొప్పించాలని అనలేదు. ఉన్నమాట అన్నట్టు అంది, కూరలో ఉప్పు తక్కువైందన్నట్టు. కుర్చీ తీసేస్తామని అయ్యగారు చెప్పిన రోజు ఆమె మొహంలో నాకేమీ కనబడలేదంటే, అక్కడ ఏమీ లేదు కాబట్టే. ఆమె నిజంగానే క్వయరులో కూర్చుని, ఇంటికొచ్చి పెరట్లో వాయించుకుని ఉండేది. రెండు చేతులతో. మండింది నాకు. స్తంభం ఇవతల నిలబడి విన్నది నేను. ఆ మాట ఏమిటో ఆమెకి చివరిదాకా తెలియలేదు.

క్షమించమని అడగాలనుకున్నాను. ఆమె కళ్ళు మూసుకుంది. మెలకువ వచ్చాక అడుగుదామనుకున్నాను. మెలకువ వచ్చాక మంచినీళ్ళు అడిగింది, అమ్మ వచ్చిందా అని అడిగింది. మా అత్తగారు పోయి పదకొండేళ్ళు. ఆ తరవాత తొమ్మిది రోజులు ఉంది గానీ నన్ను పేరు పెట్టి మళ్ళీ పిలవలేదు.

పోయిన రోజు ఉదయం స్నానం చేయించడానికి సమాజం ఆడవాళ్ళు వచ్చారు. కుసుమకుమారి కూడా వచ్చి, బొటబొటా కన్నీళ్ళు కారుస్తూ నీళ్ళు తోడింది. ఎడమ చెయ్యి నేను ఎవరికీ ఇవ్వలేదు. మిగిలిన మూడు వేళ్ళూ ఒక్కొక్కటీ సబ్బు పెట్టి కడిగాను. ఉంగరం వేలి చివర తీగ నొక్కిన గీత ఇంకా ఉంది. ఎంత రుద్దినా పోలేదు.

సమాధి దగ్గర సంజయ్ కీబోర్డు తేలేదు. ఎవరు శ్రుతి ఇస్తారో తెలియక అందరూ తలోదారిన పాడారు. మా ఆయన పాడలేదు. ఇంటికి వచ్చాక అక్క గిటారు బాగుచేయిద్దామా అని అడిగాడు. అతనికి అబద్ధం సంగతి తెలియదు. వద్దన్నాను.

పరామర్శకి వచ్చినవాళ్ళు నన్ను చూసి వింతపడుతున్నారు. కన్నతల్లి పోయినట్టు ఏడుస్తోంది, ఆడపడుచే కదా అంటున్నారు. మంచిదానివమ్మా, ఇన్నేళ్ళు బాగా చూసుకున్నావు, ఏ మరదలు చూస్తుంది ఇలాగ అంటున్నారు. ఆ మాట అన్న ప్రతిసారీ నేను లేచి లోపలికి వెళ్ళిపోతున్నాను.

ఆదివారం గుడికి వెళ్తున్నాను. వేదిక ఎడమపక్కన కుర్చీ ఉంచమంటారా తియ్యమంటారా అని అయ్యగారు నన్నే అడిగారు. మీ ఇష్టం అన్నాను. తీసేశారు. కొత్త స్పీకరు అక్కడ పెట్టారు. ఇప్పుడు పాటలు వెనక బల్ల దాకా చాలా బాగా వినబడుతున్నాయని అందరూ సంతోషపడుతున్నారు.